అమ్మ పేరిట ఆడపిల్లలకు స్కాలర్‌షిప్: పాతిక లక్షలతో ఎంతమందిని, ఎలా చదివించవచ్చు

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. మీ అమ్మగారి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆమె పేరిట ఒక ఫౌండేషన్ పెట్టి, మక్తల్ చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లల పైచదువులకు స్కాలర్‌షిప్‌లు ఇవ్వాలని మీరు ముగ్గురు తోబుట్టువులు అనుకుంటున్నారు. చేతిలో పాతిక లక్షలు ఉన్నాయి, ఏటా ఇరవై మందికి ఇవ్వాలని ఉంది. మీ అక్కగారు అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. ట్రస్టు ఎలా రిజిస్టరు చేయించాలి, ఒక్కొక్కరికి ఎంత ఇవ్వాలి, ఎవరిని ఎంచుకోవాలి అన్నవి మీ సందేహాలు. నేను పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో ప్రభుత్వ జూనియర్ కళాశాల అధ్యాపకురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను, ఇటువంటిదే ఒక చిన్న ట్రస్టుకు పంతొమ్మిదేళ్లుగా కార్యదర్శిగా ఉన్నాను. రిజిస్ట్రేషన్ సంగతి చివర చెబుతాను, ఎందుకంటే ఇందులో అన్నిటికన్నా తేలికైన పని అదే.

ముందు లెక్క చూడండి. పాతిక లక్షలను బ్యాంకులో ఆరున్నర శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 1,62,500 రూపాయల వడ్డీ వస్తుంది. దానిని ఇరవై మందికి పంచితే ఒక్కొక్కరికి 8,125 రూపాయలు వస్తాయి. హాస్టల్లో ఉండి చదివే పిల్లకు అది కొన్ని నెలల మెస్ బిల్లుకే సరిపోతుంది, మిగిలిన నెలల గురించి ఆమె ఎవరినో అడగవలసిందే. అలా కాదు, ఒక్కొక్కరికి 30,000 ఇద్దామనుకుంటే వడ్డీ మీద ఒకేసారి చదివించగలిగేది ఐదుగురిని. మరో చిక్కు కూడా ఉంది. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల కోర్సు. మొదటి ఏడాదే ఐదుగురిని తీసుకుంటే వాళ్లు చదువు ముగించేదాకా కొత్త పిల్లను తీసుకునే వీలుండదు. ఏటా ఇరవై మంది చొప్పున తీసుకుంటే నాలుగో ఏడాదికి ఎనభై మంది అవుతారు, ఆ ఒక్క ఏటి ఖర్చే 24 లక్షలు, అంటే మీ మూలధనం దాదాపు మొత్తం. కొత్త ట్రస్టులు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి. మొదటి ఏటి పిల్లల సంఖ్యను చూసి నిధి చాలుతుందనుకుంటారు, మూడో ఏడాది వచ్చేసరికి ఇచ్చే మొత్తాన్ని సగానికి తగ్గిస్తారు, లేదా సగం మందికి ఆపేస్తారు. రెండో సంవత్సరం మధ్యలో సాయం ఆగిన పిల్ల పరిస్థితి, అసలు సాయమే అందని పిల్ల పరిస్థితి కంటే కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆమె మీ మాట నమ్మి ఇంట్లో వాళ్లను ఒప్పించి చేరింది.

కాబట్టి ఎంతమందికి అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఎంచుకున్న పిల్లకు కోర్సు పూర్తయ్యేదాకా ఇవ్వగలమా అని మొదట మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. ఏటా ఒక్క కొత్త పిల్లను మాత్రమే తీసుకుంటే, నాలుగో ఏడాది నుంచి ఎప్పుడూ నలుగురు మీ దగ్గర చదువుతూ ఉంటారు, అత్యవసరాలకు కొంత మిగులుతుంది కూడా. ఇది మరీ తక్కువనిపిస్తే ఇంకో దారి ఉంది. నిధి శాశ్వతంగా ఉండాలన్న పట్టుదల వదిలి, అసలు కూడా పదేళ్లలో ఖర్చయ్యేలా వేసుకుంటే ఏడాదికి సుమారు 3,40,000 వస్తుంది, పదకొండు మందిని ఒకేసారి చదివించవచ్చు. నా అభిప్రాయం అడిగితే ఈ రెండోదే మేలు. పేరు వందేళ్లు నిలవాలని నలుగురితో సరిపెట్టుకోవడం కంటే పదేళ్లలో ముప్ఫై మంది నర్సులు, డిప్లొమా ఇంజనీర్లు, టీచర్లు బయటికి రావడం మీ అమ్మగారికి ఎక్కువ నచ్చుతుందని నేననుకుంటాను. అయితే ఈ పద్ధతిలో ఏడో ఏడాది తరువాత కొత్తవారిని తీసుకోకూడదు, లేకపోతే చివరి జట్టు మధ్యలో నిలిచిపోతుంది.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచిన మాట. సాయం ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఏ నెలలో అందుతుంది అన్నది అంతకంటే ముఖ్యం. మా ట్రస్టు తొలి రెండేళ్లు సంక్రాంతి సెలవులకు ముందు సభ పెట్టి, పెద్దలను పిలిచి, వేదిక మీద చెక్కులు ఇచ్చింది. మొదటి సభలో చెక్కు అందుకున్న ఒక పిల్ల, దిగి వచ్చాక నా పక్కన కూర్చుని, తాను సెప్టెంబరులోనే కాలేజీ మానేశానని చెప్పింది. హాస్టల్ అడ్వాన్సు కట్టలేక ఇంటికి వచ్చేసింది. అప్పుడు సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పని, అంటే విత్తనాల కోసం మొగ్గలు ఒలిచి చేత్తో పుప్పొడి అద్దే పని, నడుస్తోంది, తల్లి తనతో పాటు తీసుకుపోయింది. మొగ్గలు గిల్లి గిల్లి ఆమె బొటనవేళ్ల గోళ్లు అప్పటికీ నల్లగా అరిగి ఉన్నాయి. మా జాబితాలో ఆమె పేరు జులైలోనే ఖరారైంది. చెక్కు జనవరి దాకా ఆగింది సభ కోసం. ఆ తప్పు మాది. ఆ తరువాత మేము సభ పెట్టలేదు, వేదిక మీద పిల్లలను నిలబెట్టి ఫొటో తీయించలేదు. సీటు వచ్చినట్లు కాగితం చూపిన వారంలో 15,000 ఆమె ఖాతాలో వేస్తాము, మిగిలిన 15,000 నెలకు 1,500 చొప్పున పది నెలలు వేస్తాము. నెలనెలా వేయడంలో మరో లాభం ఉంది. డబ్బు పడిన రోజు పిల్ల ఫోను చేస్తుంది, ఆ రెండు నిమిషాల మాటల్లో ఆరోగ్యం, అటెండెన్సు, ఇంట్లో సంబంధాలు చూస్తున్న సంగతి అన్నీ తెలుస్తాయి. ఒక నెల ఫోను రాకపోతే మేమే చేస్తాము.

ఖాతా విషయంలో ఒక జాగ్రత్త. పిల్లలకు బడిలో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాలు ఉంటాయి. చాలాకాలం వాడకపోయినా, కేవైసీ పాతబడినా వాటిలో లావాదేవీలు ఆగిపోవచ్చు. అప్పుడు మీరు పంపిన డబ్బు వెనక్కి రావచ్చు, సరిచేసుకునేసరికి నెల పోతుంది. ఎంపిక చేసిన రోజే పది రూపాయలు పంపి చూడండి, ఆగితే పిల్లను బ్యాంకుకు పంపి కేవైసీ చేయించండి. ఖాతా పిల్ల పేరిటే ఉండాలి, పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు ఆమె చేతిలోనే ఉండాలి. ఇంటికి వెళ్లినప్పుడు ఈ మాట తండ్రి ముందే మర్యాదగా, స్పష్టంగా చెప్పాలి. ఇన్నేళ్లలో ఒకరిద్దరు తప్ప ఎవరూ కాదనలేదు.

ఫీజు ప్రభుత్వం ఇస్తుంది కదా, మన డబ్బు దేనికి అని మీ తమ్ముడుగారు అడిగారన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైటు) ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, కానీ అది ఆలస్యమవుతుంది. బకాయిలు రాలేదని కొన్ని ప్రైవేటు కళాశాలలు ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాం అంటాయి, కోర్సు అయిపోయాక టీసీ, మెమోలు ఆపుతాయి. అసలు చదువు ఖర్చులో ఫీజు ఒక భాగం మాత్రమే. మా దగ్గర జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన ఒక అమ్మాయి పొడుగు నోటుపుస్తకంలో ప్రతి ఖర్చూ రాసుకునేది. మేము అడగలేదు, తనే తెచ్చి చూపింది. మొదటి నెల పేజీలో హాస్టల్ అడ్వాన్సు 3,000, రెండు జతల యూనిఫాం కుట్టుకూలితో 1,900, తెల్ల బూట్లు 650, రికార్డు పుస్తకాలు 480, పరుపు, బకెట్టు, తాళం కలిపి 1,120 అని ఉన్నాయి. వీటిలో ఒక్కటీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో రాదు, అన్నీ మొదటి పదిహేను రోజుల్లోనే కావాలి. ఆ పేజీ చూశాకే మా మొదటి విడత మొత్తాన్ని పెంచాము.

అవసరాలు మారుతూ ఉంటాయి, మీ నియమాలూ మారాలి. ఒకప్పుడు మా ఖర్చులో పెద్ద పద్దు బస్‌పాసులదే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక ఆ పద్దు ఎత్తివేసి, ఆ డబ్బును మెస్ బిల్లుకు మళ్లించాము. బస్సు ఉచితం కావడం వల్ల ఊరి నుంచి రోజూ వెళ్లివచ్చే పిల్లలు పెరిగారు. అయితే క్లినికల్ పోస్టింగులు (ఆసుపత్రి డ్యూటీలు) ఉన్న నర్సింగ్ పిల్లలకు తెల్లవారుజామున, రాత్రి పూట బస్సు దొరకదు, వాళ్లకు హాస్టల్ తప్పదు.

ఎవరిని ఎంచుకోవాలి అన్నదానికి నా సమాధానం కొందరికి నచ్చకపోవచ్చు. తొంభై అయిదు శాతం వచ్చిన పిల్లను వదిలేయండి. ఆమెను చూసుకునేవారు ఉన్నారు. కోటక్ కన్యా స్కాలర్‌షిప్ ఇంటర్లో 75 శాతం పైన తెచ్చుకుని వృత్తివిద్యా కోర్సుల్లో చేరిన, కుటుంబ ఆదాయం ఆరు లక్షల లోపు ఉన్న అమ్మాయిలకు ఏటా లక్షన్నర ఇస్తుంది. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ప్రగతి స్కాలర్‌షిప్ సాంకేతిక డిప్లొమా, డిగ్రీ చదివే అమ్మాయిలకు ఏటా 50,000 ఇస్తుంది, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలు దాటకూడదు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా అర్హులే. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ పదీ, ఇంటరూ ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివి డిగ్రీలోనో డిప్లొమాలోనో చేరిన అమ్మాయిలకు కోర్సు పూర్తయ్యేదాకా ఏటా 30,000 ఇస్తోంది, తెలంగాణ ఆ జాబితాలో ఉంది. మీ ఊరి పిల్లలకు ఈ మూడింటి పేరు కూడా తెలియకపోవచ్చు. ఫౌండేషన్ మొదటి పని వీటికి దరఖాస్తు పెట్టించడం కావాలి. మీసేవలో ఆదాయ ధ్రువీకరణ పత్రం, కాలేజీ నుంచి బోనఫైడ్, ఆధార్‌లో పేరు, పది మెమోలో పేరు ఒకేలా ఉండేలా సవరణ, ఈ మూడూ గడువు లోపల చేయించగల ఒక మనిషి ఉంటే చాలు. మేము చేతి నుంచి ఇచ్చిన డబ్బు కంటే మేము పెట్టించిన దరఖాస్తుల వల్ల పిల్లలకు వచ్చిన డబ్బు ఎక్కువ, ఈ మాట లెక్కలు చూసే చెబుతున్నాను.

అవన్నీ పోగా మిగిలే పిల్లలు మీవాళ్లు. యాభై అయిదు, అరవై శాతం మార్కులతో బయటపడినవారు, ఒక సబ్జెక్టు సప్లిమెంటరీలో గట్టెక్కినవారు, ఇంటర్ ఏదో ప్రైవేటు కాలేజీలో రాయితీ మీద చదివినందువల్ల ప్రభుత్వ కళాశాల షరతుకు తప్పిపోయినవారు, తల్లిదండ్రులు పుణె, ముంబయి వైపు కూలికి వలసపోతే అవ్వ దగ్గర ఉండి చదివినవారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలో అక్షరాస్యత అతి తక్కువగా, 55 శాతంగా నమోదైంది మన పాలమూరులోనే. ఇక్కడ అరవై శాతం తెచ్చుకున్న పిల్ల వెనుక ఉన్న శ్రమ మార్కుల మెమోలో కనబడదు. అందుకని ఇంటికి వెళ్లకుండా ఎవరినీ ఎంపిక చేయకండి. ఆదాయ పత్రం అందరికీ ఒకే అంకె చూపిస్తుంది. ఇంటికి వెళితే ఎవరు వంట చేస్తున్నారు, చదువుకునే చోట వెలుతురు ఉందా, అన్న చదువుకు పెట్టిన ఖర్చెంత, ఈమెకు పెట్టిందెంత అన్నవి తెలుస్తాయి. దరఖాస్తు ఒక పేజీ మించకూడదు, తెలుగులో ఉండాలి.

పెళ్లి విషయంలో మా నియమం ఇది. మధ్యలో పెళ్లయినా స్కాలర్‌షిప్ ఆగదు, కాన్పు కోసం ఏడాది విరామం తీసుకున్నా సీటు ఉన్నంతకాలం మా మాట ఉంటుంది. మొదట్లో మా కమిటీలో ఒకరిద్దరు దీన్ని వ్యతిరేకించారు, పెళ్లయిన పిల్ల ఖర్చు అత్తవారిది కదా అన్నారు. అత్తవారు ఆ ఖర్చు పెట్టరు, సాయం ఆగితే చదువు మాన్పించడానికి అదొక సాకు దొరుకుతుంది. ఖాతాలో తన పేరిట నెలకు 1,500 వస్తున్న కోడలిని కాలేజీకి పంపడానికి అత్తగారు ఒప్పుకున్న ఇళ్లు నేను చూశాను.

ఇక చట్టం. ట్రస్టు, సొసైటీ, సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ) అని మూడు రూపాలున్నాయి. సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, కంపెనీకి ఏటా దాఖలు చేయవలసిన కాగితాలు ఎక్కువ. మీ స్థాయికి పబ్లిక్ చారిటబుల్ ట్రస్టు సరిపోతుంది. ట్రస్టు డీడు (స్థాపన పత్రం) రాయించి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించి, ట్రస్టు పేరిట పాన్ తీసుకుని, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏబీ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లకు దరఖాస్తు పెట్టాలి. ముందు తాత్కాలికంగా మూడేళ్లకు ఇస్తారు, పని మొదలయ్యాక పూర్తి రిజిస్ట్రేషన్‌కు మళ్లీ దరఖాస్తు చేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారాయి, నేను అందరి నోటా ఉన్న పాత సంఖ్యలే వాడుతున్నాను, మీ ఆడిటరు కొత్తవి చెబుతారు.

డీడులో రెండు మాటలు జాగ్రత్తగా రాయించండి. లబ్ధిదారులను ఒక కులానికో మతానికో పరిమితం చేస్తే 80జీకి అడ్డం వస్తుంది. స్త్రీల కోసం, ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతుల కోసం అని రాస్తే ఆ అభ్యంతరం ఉండదని చట్టంలోనే వివరణ ఉంది. రెండోది, ట్రస్టీలకు, పెద్ద మొత్తం ఇచ్చిన దాతలకు బంధువులైన పిల్లలకు స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు, ఇస్తే పన్ను మినహాయింపుకే ముప్పు. మేనకోడలు నిజంగా పేదదే కావచ్చు, ఆమెకు మీ జేబు నుంచి ఇవ్వండి, ట్రస్టు నుంచి వద్దు.

పాతిక లక్షలూ ఒకేసారి ట్రస్టు ఖాతాలో వేయకండి. మూలనిధిగా అని దాత లిఖితపూర్వకంగా చెప్పని విరాళం ఆ ఏటి ఆదాయమే అవుతుంది, అందులో 85 శాతం ట్రస్టు లక్ష్యాల మీద ఖర్చు చూపాలి, లేదా తరువాత ఖర్చు కోసం కూడబెడుతున్నామని ముందుగా శాఖకు తెలిపి అయిదేళ్లలోగా వాడాలి. అసలు కూడా పదేళ్లలో ఖర్చు చేసే దారి ఎంచుకుంటే, డబ్బు మీ సొంత డిపాజిట్లలో ఉంచుకుని, ఆ ఏడాదికి కావలసినంత మీరూ మీ తమ్ముడుగారూ కలిసి ట్రస్టుకు ఇవ్వడం సుఖం. రెండు వేలు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి 80జీ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఎలా ఇచ్చినా రాదు. దాతలకు ఈ రెండూ ముందే చెప్పండి, తరువాత నొచ్చుకోకుండా ఉంటారు.

మీ అక్కగారి సంగతి వేరు. విదేశంలో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆమె అమెరికా పౌరురాలు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, ఆమె డబ్బు విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ట్రస్టు ఒక్క రూపాయి కూడా తీసుకోరాదు. ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు తన లక్ష్యాల మీద ఖర్చు చేసి ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. తెలియక మీ ట్రస్టు ఖాతాకు ఆమె నేరుగా పంపితే మంచి పనికే చిక్కు వస్తుంది. ప్రస్తుతానికి విరాళం మీ ఇద్దరిదే ఉండనివ్వండి, ఆమె నెలకోసారి పిల్లలతో వీడియో కాల్‌లో ఇంగ్లీషు మాట్లాడించే బాధ్యత తీసుకోవచ్చు. మా పిల్లలు డబ్బు తరువాత ఎక్కువగా అడిగేది అదే.

మొదటి ఏడాది ట్రస్టు లేకుండానే మొదలుపెట్టమని కూడా నా సలహా. ఇద్దరు పిల్లలను ఎంచుకుని, మీ ఖాతా నుంచి వారి ఖాతాకు నేరుగా ఇవ్వండి. ఒక ఏడాది వాళ్ల వెంట నడిస్తే డీడులో ఏం రాయాలో మీకే తెలుస్తుంది.

చివరగా, మీరు అడగని ఒక మాట. అమ్మగారు ఐదో తరగతిలో ఆగిపోయారని రాశారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ నెలకొల్పి, బడి దాటిపోయిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్ పరీక్షకు చదివించారు. ఆమె నడిపిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. చిన్నప్పుడు చదువు ఆగినవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు, అంగన్‌వాడీ ఆయాలు, మధ్యాహ్న భోజనం వండేవాళ్లు, మహిళా సంఘాల్లో లెక్కలు నోటితో చెప్పేవాళ్లు. తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా వాళ్లు పది రాయవచ్చు. ఒకరికి ఫీజు, పుస్తకాలు, వారాంతం తరగతులకు వెళ్లిన రోజుల కూలి నష్టం కలిపినా ఒక నర్సింగ్ పిల్లకు ఏటా ఇచ్చే దానిలో నాలుగో వంతు కాదు. ఏటా ఇద్దరికి ఆ చోటు ఉంచండి. మా దగ్గర నిరుడు పది పాసైన ఒకామెకు నలభై ఒక్క ఏళ్లు. ఆమె కూతురు అదే ఏడాది ఇంటర్ రాసింది, రాత్రి పూట తల్లికి లెక్కలు చెప్పింది కూతురే.